‘టోర్టిలా ఫ్లాట్’ హాస్యము - పాఠకుల గ్రహణము

హాస్యమునకు ఆలంబనమైన పాత్రను పాఠకుడు ప్రేమించుట వేరు, గౌరవించుట వేరు. ఈ రెంటికి గల అంతరమును గూర్చి ఆలోచించువారికి జాన్ స్టైన్‌బెక్ రచించిన ‘టోర్టిలా ఫ్లాట్’ మంచి ఉదాహరణము. 1935లో వెలువడిన ఈ నవల అంతవరకు అంతగా పేరులేని రచయితకు ఒక్కసారిగా ప్రసిద్ధి తెచ్చిపెట్టెను. కాలిఫోర్నియాలోని కామన్‌వెల్త్ క్లబ్బువారు దీనికి స్వర్ణపతకము నొసగిరి. కాని 1937లో మోడరన్ లైబ్రరీ ముద్రణకు వ్రాసిన పీఠికలో రచయిత తనకు లభించిన ఆదరణను చూచియే నొచ్చుకొనెను. తాను ఎరిగి, ఇష్టపడిన మనుష్యులను లోకము వింతవస్తువులుగా చూచుచున్నదనియు, ఇట్లగునని తెలిసియున్నచో ఈ కథలను వ్రాసియుండననియు ఆ పీఠికాతాత్పర్యము. నిందించిన పాఠకుని రచయిత తప్పుపట్టుట సామాన్యము. మెచ్చిన పాఠకుని తప్పుపట్టుట అరుదు. ఆ తప్పు నిజముగా పాఠకునిదేనా అనునది ఇచట విచార్యము.

కథ స్వల్పము. మాంటెరే పట్టణము నంటియున్న గుట్టమీది పేటలో పైసానోలు నివసింతురు. మొదటి ప్రపంచ యుద్ధానంతరము ఇల్లుచేరిన డానీకి తాతగారి ఇండ్లు రెండు సంక్రమించును. ఒకదానిని మిత్రుడైన పిలాన్‌కు నెలకు 15 డాలర్ల అద్దెకిచ్చును. ఆ అద్దె ఎన్నడును చేతికి రాదు. పిలాన్ అందులో మరియొకని చేర్చుకొనును, వారిరువురును ఇంకొకని చేర్చుకొందురు. ఒకనాటి రాత్రి కొవ్వొత్తి అంటుకొని ఆ ఇల్లు దగ్ధమగును. పిమ్మట అందరును డానీ ఇంటికే చేరుదురు. ద్రాక్షసారాయి సంపాదించుట వారి నిత్యకృత్యము. ఈ బృందమును రచయిత ఆర్థర్ రాజు కొలువులోని వీరులతో పోల్చి, అధ్యాయములకు ప్రాచీన వీరగాథల ఫక్కిని శీర్షికలుంచెను. శైలి ఉదాత్తము, వస్తువు అల్పము. హాస్యమంతయు ఈ పొందికలేమినుండియే పుట్టుచున్నది.

తాను నవ్వునప్పుడు ఆత్మస్థము, పరుని నవ్వించునప్పుడు పరస్థము అని భరతుడు హాస్యమును విభజించెను. ఈ విభజన ఈ నవలకు చాలదని మాకు తోచుచున్నది. పైసానోలు తమను చూచి తాము నవ్వుకొనరు. మనలను నవ్వింపవలెనను ఉద్దేశమును వారికి లేదు. వారు మిక్కిలి గంభీరులు. నవ్వు కథకుని వాక్యమునందే కలదు. కావున ఆ వాక్యమును వినుటలో పొరపడిన పాఠకుడు మనుష్యులను చూచియే నవ్వును. మన గిరీశము విషయమున జరిగినదియు దీనికి దూరము కాదు. నాటకము వానిని ఎండగట్టుచుండగా ప్రేక్షకులు వాని మాటలను కంఠస్థము చేసిరి. అచట లోకము ధూర్తుని నెత్తికెత్తుకొనెను, ఇచట అమాయకులను బొమ్మలుగా చేసికొనెను.

నవలలో ఈ పొరపాటునకు చోటీయని ఘట్టములు కలవు. పైరేట్ అనువాడు ఐదు కుక్కలతో కోళ్లగూటిలో నివసించుచు, వంటచెరకు అమ్మి దినమునకు పావు డాలరు సంపాదించి దాచుచుండును. వానికి ధనము కలదు కాని బుద్ధిలేదనియు, తనకు బుద్ధి కలదు కనుక ఆ ధనమును వాని మేలుకొరకే వాడవచ్చుననియు పిలాన్ తర్కించును. దొంగతనము దానధర్మముగా మారు ఈ తర్కమును చదివి నవ్వని వారుండరు. ఇంతలో పైరేట్ తానే ఆ మూటను తెచ్చి మిత్రుల చేతిలో పెట్టును. జబ్బుపడిన కుక్క బ్రతికినచో సెయింట్ ఫ్రాన్సిస్‌కు బంగారు దీపస్తంభము సమర్పింతునని వాని మ్రొక్కు. అందులకు వేయి నాణెములు కావలెను. దోచుకొన దలచినవారు ఆ క్షణముననే కావలివారైరి. ఇచట నవ్వు ఎవరిని తక్కువచేయుట లేదు.

సైన్యములోని చిన్న ఉద్యోగి ఒకడు జబ్బుపడిన పసిబిడ్డతో వచ్చిన ఘట్టము ఇంతకంటె తీక్ష్ణమైనది. వాని భార్యను ఒక కెప్టెన్ లాగికొనెను. బిడ్డ పెద్దవాడై జనరల్ కావలెనని అతని కోరిక. పగ తీర్చుకొనుటకు కాబోలునని మిత్రులు తలంతురు. కాదు, కెప్టెనే ఇంత తీసికొనగలిగినప్పుడు జనరల్ ఎంత తీసికొనగలడో కదా యని అతని ఆలోచన! బిడ్డ బ్రతుకలేదు. మా తరగతిలో విద్యుత్తు లేని పేటలో ఒకతె వాక్యూమ్ క్లీనర్‌ను గర్వముతో ఊడ్చిన కథకు విద్యార్థులు విరగబడి నవ్వుదురు. ఈ కథకు నవ్వు మొదలై మధ్యలోనే ఆగిపోవును. అట్లు ఆగుటయే సరియైన గ్రహణమని మేము భావించుచున్నాము.

అయినను దోషమంతయు పాఠకునిపై నెట్టుట న్యాయము కాదు. పైసానోలను సోమరులుగా, త్రాగుబోతులుగా, దొంగలుగా చూపు పాత మూసనే రచయిత బలపరచెనని 1970వ దశకమున మెక్సికన్ అమెరికన్ విమర్శకులు ఆక్షేపించిరి. దీనిని పూర్తిగా అంగీకరింపలేము. పైరేట్ మూటను కాచినవారు ఆ మూసలో ఇమడరు. కాని గ్రంథారంభమును చూడుడు. ఒక్క మనిషియైన కథలోనికి రాకమునుపే వారి రక్తములో ఏయే జాతులు కలిసినవో రచయిత లెక్కచెప్పెను. జాతి యేదని అడిగినచో పైసానో తాను శుద్ధ స్పానిష్‌వాడనని చెప్పి, చొక్కాచేయి మడిచి లోపలి తెల్లదనము చూపునని వర్ణించెను. అతిథులను పిలిచి ఆ చేతిని చూపినవాడు, వారు వింతగా చూచిరని పిదప కోపగించుట ఎట్లు? 1937 నాటి పీఠికలో పశ్చాత్తాపము కలదు, ఆత్మపరీక్ష లేదు.

జనాభిరుచి ఈ కథనుండి ఏమి కోరినదో 1942 నాటి చలనచిత్రము చెప్పుచున్నది. విక్టర్ ఫ్లెమింగ్ దర్శకత్వమున స్పెన్సర్ ట్రేసీ పిలాన్‌గా, జాన్ గార్ఫీల్డ్ డానీగా నటించిన ఆ చిత్రమున డానీకి వివాహమగును. నవలలో డానీ చనిపోవును. మ్రొక్కు చెల్లిన దినమున పైరేట్ దేవాలయమునకు వెళ్లుటకు తమ బట్టలిచ్చి ఇంట కూర్చున్నవారికి, ఇప్పుడు డానీ అంత్యక్రియలకు తగిన బట్టలు లేవు. లోనికి వెళ్లలేక, దేవాలయమున కెదురుగా గడ్డిలో పండుకొని, వచ్చిపోవువారిని చూచుచుందురు.