రెండు గడుల పట్టికలో ఇమడని అలంకారాలు

తెలుగునాటికి వెలుపల ఆంగ్ల సాహిత్యం చదివే మన విద్యార్థుల నోటుపుస్తకాల్లో తరచు రెండు గడుల పట్టిక ఒకటి కనిపిస్తుంది. ఎడమవైపు సిమిలీ, మెటఫర్, ఎలిటరేషన్, రైమ్. కుడివైపు ఉపమ, రూపకం, అనుప్రాస, ప్రాస. పరీక్షకు ఇది చాలునేమో కాని, పద్యాన్ని విప్పి చూడడానికి చాలదు. ఎక్కడెక్కడ చాలదో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట ఉపమ. 'ఆమె ముఖం చంద్రబింబంలా చల్లగా ఉంది' అన్నప్పుడు ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం నాలుగూ ఉన్నాయి కనుక అది పూర్ణోపమ. 'చల్లగా' తీసివేస్తే లుప్తోపమ. ఇంతవరకు సిమిలీతో పేచీ లేదు. 'చూరునుంచి నీళ్లు కారుతుంటే ఇల్లు ఏడుస్తున్నట్టుంది' అన్న వాక్యాన్ని కూడా ఆంగ్ల తరగతిలో సిమిలీ అనే అంటారు. మన ఆలంకారికులు దాన్ని ఉత్ప్రేక్ష అంటారు. అక్కడ రెండు వస్తువుల మధ్య పోలిక చెప్పడం లేదు. ఒకదాన్ని మరొకటిగా ఊహించడం జరుగుతున్నది.

రూపకం విషయంలో తేడా ఇంకా పెద్దది. 'జ్ఞానదీపం' అన్నప్పుడు జ్ఞానమూ దీపమూ రెండూ మాటలో ఉన్నాయి, అది రూపకం. బిడ్డ పోయిన ఇంటిని గురించి 'ఆ ఇంటి దీపం ఆరిపోయింది' అంటే బిడ్డ ప్రస్తావనే లేదు. ఉపమానం ఉపమేయాన్ని మింగివేసింది. ఇది రూపకాతిశయోక్తి. తమిళదేశంలో పుట్టిన అప్పయ్యదీక్షితుల కువలయానందం ఈ భేదాన్ని చూపుతుంది. మెటఫర్ అన్న ఒక్క మాట ఈ రెండింటినీ కలుపుకొంటుంది.

అంతమాత్రాన ఆంగ్ల విమర్శ తక్కువది అనుకోరాదు. ఐ.ఏ. రిచర్డ్స్ 1936లో టెనర్, వెహికిల్ అని రెండు పారిభాషిక పదాలు ప్రవేశపెట్టాడు. మన ఉపమేయ, ఉపమానాలకు అవి దగ్గరివే. అయితే ఆయన అక్కడ ఆగక, ఆ రెండింటి రాపిడిలో పుట్టే అర్థమేమిటని అడిగాడు. మన తరగతుల్లో అలంకారానికి పేరు పెట్టడంతోనే పని ముగిసిందనుకొనే అలవాటు ఉన్నది. ఈ లోపం మనం దిద్దుకోవలసినది.

ప్రాసను రైమ్ అనడం తప్పు. రైమ్ పాదాంతంలో వినిపిస్తుంది. దానికి సరిపోయే మాట అంత్యప్రాస. తెలుగు వృత్తాల్లో, కందంలో ప్రాస పాదంలోని రెండవ అక్షరానికి సంబంధించినది. తమిళనాట చదివేవారికి ఇది ఎదుగైగా, కర్ణాటకలో చదివేవారికి ద్వితీయాక్షర ప్రాసగా ముందే పరిచయం. మహారాష్ట్రలోని విద్యార్థి మాత్రం మరొకచోట జాగ్రత్తపడాలి. మరాఠీలో యమకమంటే అంత్యప్రాస. మనకు యమకమంటే అదే అక్షరసముదాయం అర్థభేదంతో తిరిగి రావడం. ఇక ఎలిటరేషన్ నేటి ఆంగ్ల కవిత్వంలో సొగసు మాత్రమే. బేవుల్ఫ్ నాటి పాత ఇంగ్లీషు పద్యంలో అది తప్పనిసరి నియమం. ఆ రూపంలో అది మన అనుప్రాసకన్నా యతికే దగ్గర.

వ్యాకరణంలోనూ ఇదే చిక్కు. సబ్జెక్టు అంటే కర్త అని వల్లెవేసిన విద్యార్థిని 'రావణుడు రామునిచేత చంపబడ్డాడు' అన్న వాక్యంలో కర్త ఎవరని అడగండి. ఆంగ్ల పద్ధతిలో సబ్జెక్టు రావణుడు. మన వ్యాకరణంలో పని చేసినవాడు రాముడే కనుక రాముడే కర్త, రావణుడు కర్మ. సబ్జెక్టు వాక్యంలోని స్థానాన్ని బట్టి వచ్చిన పేరు. కర్త క్రియతో ఉన్న సంబంధాన్ని బట్టి వచ్చిన పేరు. ఈ సంగతి తెలియనివాడు రెండు భాషల్లోనూ తప్పు రాస్తాడు.

కనుక పట్టికను పారవేయనక్కరలేదు, దానికి మరో రెండు గడులు చేర్చాలి. ఒకదానిలో ఉన్న ఊరి భాషలోని మాట, మరొకదానిలో విద్యార్థి స్వయంగా కూర్చిన ఉదాహరణ రాయాలి. ఉదాహరణ ముందు, పేరు తరువాత. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, తరగతిలో మరొక భాష వినే మన విద్యార్థికి ఈ పని భారం కాదు. తెలుగునాట ఉన్నవారికి సులభంగా దొరకని సౌకర్యం అతనికి ఇంటి గడపలోనే ఉన్నది.