విహారం ఎవరి నేల మీద?

కథానాయకుడి సమస్య ముదిరిన తర్వాత అతణ్ణి ఏం చేయాలన్న ప్రశ్న ప్రతి తరం కథకులనూ వేధించింది. ఒక తరం అతణ్ణి ఆత్మహత్యకు పంపింది. ఇంకొక తరం కాశీకి పంపింది. మరొక తరం, మన సంఘంలోని వారితో సహా, చేతికి జెండా ఇచ్చి ఊరేగింపులో నిలబెట్టింది. ఇప్పుడు నడుస్తున్న కథలో అతడు పల్లెపట్టున ఏ కొండవాలునో వెలసిన బౌద్ధ ధ్యాన కేంద్రానికి వెళుతున్నాడు. పది రోజులు మౌనంగా కూర్చుంటాడు. ఏడో రోజున కన్నీరు పెట్టుకుంటాడు. పదకొండో రోజు ఉదయం ఇంటికి తిరిగొచ్చి, భార్య కలిపిచ్చిన కాఫీ రుచిని జీవితంలో మొదటిసారిగా గమనిస్తాడు. కథ సమాప్తం. ఈ మూసకు ఏ ఒక్క రచయితనో బాధ్యుణ్ణి చేయడం న్యాయం కాదు. మూస అనేది ఎప్పుడూ సమష్టి ఉత్పత్తే.

దీన్ని పలాయనవాదమని కొట్టిపారేయడం తేలిక. ఆ మాట అనగానే మన పని అయిపోయిందనుకునే విమర్శకులూ ఉన్నారు. కానీ మతాన్ని నల్లమందుతో పోల్చిన మార్క్సే, 1844లో అచ్చయిన ఆ వ్యాసంలోనే, ఆ పోలికకు ముందుగా మతం పీడితుల నిట్టూర్పు అని కూడా అన్నాడన్నది మరువరాదు. నిద్రపట్టని మనిషి, తన కోపానికి తానే భయపడే మనిషి, నాలుగు రోజులు నోరు మూసుకుని తన ఊపిరిని తాను చూసుకోవాలనుకుంటే అందులో తప్పేముంది? కనుక దోషం వస్తువును ఎన్నుకోవడంలో లేదు, దాన్ని సగమే చూడటంలో ఉంది. ఈ కథల్లోని ధ్యాన కేంద్రానికి నేల లేదు. ఆ నేలకు పూర్వపు హక్కుదారు లేడు. వంటశాల లేదు, నీళ్ళ తొట్టి లేదు, ప్రహరీ అవతల ఊరు లేదు. మబ్బుల్లోంచి దిగినట్టు అది కొండ మీద నిలబడి ఉంటుంది. ఈ సగం చూపు సాహిత్యానికే కాదు, బౌద్ధ చరిత్రకు కూడా విరుద్ధం. దాన్ని నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బౌద్ధ సంఘం ఒకచోట స్థిరంగా ఉండటమన్నది ఎలా మొదలైందో వినయపిటకం చెప్పే కథ గమనించదగింది. వానాకాలంలో కూడా భిక్షువులు ఊరూరా తిరుగుతూ పచ్చిక తొక్కుతున్నారనీ, చిన్న ప్రాణులను చంపుతున్నారనీ జనం సణిగారు. ఆ ఫిర్యాదు విన్న తర్వాతే బుద్ధుడు మూడు నెలల వర్షావాసాన్ని నియమంగా పెట్టాడు. అంటే ఏకాంతవాసపు తొలి నియమం మనిషి అంతరంగం లోతుల్లోంచి పుట్టలేదు. బయట చిగురిస్తున్న పచ్చదనం తరఫున జనం వేసిన కేకలోంచి పుట్టింది. బింబిసారుడు వేణువనాన్ని దానం చేసేటప్పుడు చూసుకున్న లక్షణం కూడా ఇలాంటిదే: ఆ తోట ఊరికి మరీ దూరం కాకూడదు, మరీ దగ్గరా కాకూడదు. ధ్యానానికి సందడి పనికిరాదు గనుక కొంత దూరం, జనం వచ్చి పోవాలి గనుక కొంత దగ్గర.

ఆ దగ్గరితనాన్ని కాపాడింది భిక్షాపాత్ర. భిక్షువు మన్ను తవ్వకూడదు. ఆహారం మర్నాటికి దాచుకోకూడదు. మధ్యాహ్నం దాటాక భుజించకూడదు. ఈ మూడు నియమాలనూ కలిపి చదివితే ఒక విషయం తేటతెల్లమవుతుంది. ఎంతటి ధ్యానమగ్నుడైనా సరే, తెల్లవారితే పాత్ర పట్టుకుని ఊళ్ళోకి రాక తప్పదు. ఏ ఇంట పొయ్యి రాజలేదో, ఏ ఇంట చావు జరిగిందో, ఏ ఏడు వాన పడలేదో అతడికి తెలియక తప్పదు. భిక్షాటనను సోమరితనంగా చూడటం మనకు అలవాటైంది. నిజానికి అది, ఏకాంతం మనిషిని సంఘం నుంచి పూర్తిగా తెంచేయకుండా కట్టిన తాడు.

అయితే ఈ తాడు చిరకాలం అలాగే నిలవలేదు. ఆస్తి వచ్చింది. ఆస్తి వచ్చిన తీరును మన ప్రాచీన శిల్పి ఎంత నిజాయితీగా చూశాడో భర్హుత్ చెబుతుంది. శ్రావస్తి వర్తకుడు అనాథపిండికుడు జేతవనాన్ని కొన్న కథ అందరూ ఎరిగిందే. నేలంతా నాణేలు పరిస్తేనే అమ్ముతానన్నాడు జేత రాజకుమారుడు, వర్తకుడు పరిపించాడు. క్రీస్తుపూర్వం 2వ శతాబ్ది నాటి భర్హుత్ స్తూప ప్రాకారం మీద ఈ ఘట్టం చెక్కి ఉంది. ఇప్పుడది కలకత్తా ఇండియన్ మ్యూజియంలో ఉంది. ఆ కాలపు సంప్రదాయం ప్రకారం శిల్పి బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కలేదు. కానీ నాణేలు మోసుకొచ్చిన బండిని చెక్కాడు. కాడి దించిన ఎద్దులను చెక్కాడు. నేల మీద వంగి నాణేలు పేరుస్తున్న మనుషులను చెక్కాడు. దానధార పోయడానికి నీటిపాత్ర పట్టుకున్న వర్తకుణ్ణి చెక్కాడు. ఒక విహారం పుట్టడమంటే ఏమిటో ఇంతకంటే సమగ్రంగా చెప్పిన వాస్తవికవాద రచన అరుదు. అందులో ధనం ఉంది, నేల బేరం ఉంది, చాకిరీ ఉంది, భక్తి కూడా ఉంది. ఒకదాని కోసం మరొకదాన్ని అతడు దాచలేదు.

మన గడ్డ మీదికి వస్తే అమరావతి శాసనాలు ఇదే మాట మరో విధంగా చెబుతాయి. అక్కడ పూర్ణఘటం చెక్కిన ఒక రాతిపలక దాత విధికుడు. అతడు చర్మకారుడు. వృత్తిని దాచుకోకుండా రాయి మీద రాయించుకున్నాడు. తర్వాతి శతాబ్దాలు ఊరి బయటికి నెట్టిన వృత్తివాడు, అంతకు ముందు స్తూపం మీద సగౌరవంగా తన పేరు నిలుపుకున్నాడన్నది తెలుగు సాహిత్య విద్యార్థి కంఠస్థం చేయవలసిన చరిత్ర.

నాసిక్ గుహల్లోని శాసనాలైతే మరింత కటువైన లెక్కలు చెబుతాయి. నహపానుడి అల్లుడు ఉషవదాతుడు 3,000 కార్షాపణాలను సాలెల శ్రేణుల దగ్గర శాశ్వత నిధిగా పెట్టాడు. అందులో 2,000 మీద నూటికి నెలకు ఒకటి వడ్డీ. అంటే ఏడాదికి 240. గుహలో వర్షావాసం చేసే 20 మంది భిక్షువులకు తలా 12 చొప్పున వస్త్రాల ఖర్చు. లెక్క సరిగ్గా సరిపోయింది. భిక్షువు నిశ్చలంగా కూర్చోవాలంటే ఎక్కడో సాలెవాడి మగ్గం ఆగకుండా ఆడాలి. అదే కొండ మీద గౌతమీపుత్ర శాతకర్ణి శాసనం ఇంకొక సత్యాన్ని బయటపెట్టింది. భిక్షువులకు అంతకు ముందిచ్చిన పొలం సాగులో లేదు, ఆ ఊళ్ళో మనుషులే లేరు. అందుచేత నగరం ఎల్లలోని రాజక్షేత్రం నుంచి 100 నివర్తనాలు బదులుగా ఇచ్చారు. దున్నేవాడు లేని దానం దానం కాదని శాతవాహన ప్రభువుకు తెలుసు. మన కథకులకు తెలియకపోవడమే విచారకరం. బౌద్ధ విహారాలకూ వర్తక మార్గాలకూ ఉన్న సంబంధాన్ని డి.డి. కోశాంబి 1956లోనే తన చరిత్ర గ్రంథంలో చర్చించి, ఈ చూపుకు శాస్త్రీయమైన పునాది వేశాడు.

ఆ నాసిక్ జిల్లాలోనే ఇగత్‌పురి ఉంది. ఆధునిక కాలంలో పల్లెపట్టున ధ్యాన కేంద్రం స్థాపించడమంటే దేశమంతా గుర్తుచేసుకునేది అక్కడి ధమ్మగిరినే. దాని స్థాపకుడు ఎస్.ఎన్. గోయెంకా 1924లో మాండలేలో పుట్టిన వర్తకుడు. తీవ్రమైన తలనొప్పికి చికిత్స వెతుక్కుంటూ ఊ బా ఖిన్ దగ్గరికి చేరాడు. ఆ గురువు సన్యాసి కాదు, స్వతంత్ర బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్‌గా పనిచేసిన గృహస్థు. గోయెంకా 1969లో ఇండియాకు వచ్చి శిబిరాలు నడిపాడు. 1976లో ఇగత్‌పురి కేంద్రం మొదలైంది. ఆయన 2013లో మరణించాడు. అనాథపిండికుడి తర్వాత రెండున్నర వేల ఏళ్ళకు మళ్ళీ ఒక వర్తకుడే ఈ పనికి పూనుకోవడం కాకతాళీయం కాదు. కొండ కొనడానికి మూలధనం కావాలి.

న్యాయంగా చెప్పవలసినవి చెప్పాలి. ఈ శిబిరాల్లో రుసుము లేదు. పూర్వం శిబిరం పూర్తిచేసినవారి విరాళాల మీదే అవి నడుస్తాయి. వండి వడ్డించేవారిలో పాత సాధకులు సేవకులుగా ఉంటారు. కులం అడగరు, మతం మార్చరు. 1994లో తీహార్ జైలులో వెయ్యి మందికి పైగా ఖైదీలు ఒకేసారి శిబిరంలో కూర్చున్నారు. వీటిని విస్మరించి చేసే విమర్శ విమర్శ కాదు, వైషమ్యం.

కానీ రుసుము లేకపోవడం వేరు, ఖర్చు లేకపోవడం వేరు. పది రోజుల శిబిరానికి కూలీ మనిషి చెల్లించేది పది రోజుల కూలి. నెలజీతం ఉన్నవాడికి అది సెలవు, రోజుకూలికి అది పస్తు. తలుపు అందరికీ తెరిచే ఉంది, అందరి కాళ్ళూ అక్కడిదాకా రాలేవు. రెండోది మరింత ముఖ్యం. నేటి కేంద్రంలో భిక్షాపాత్ర లేదు. అన్నం లోపలే ఉడుకుతుంది. గంట మోగితే పళ్ళెం సిద్ధం. సాధకుడు ఊళ్ళోకి పోనక్కరలేదు, ఆ పది రోజులూ పోకూడదు కూడా. కాబట్టి ఆ పది రోజుల్లో ఊళ్ళో బోరు ఎండినా అతడికి తెలియదు. పురాతన విహారంలో ఏకాంతానికి ఊరు కొలమానం, నేటి కేంద్రంలో ప్రహరీ కొలమానం. ఇది ఏ నిర్వాహకుడి దుర్బుద్ధీ కాదు, నిర్మాణంలోనే ఉన్న మార్పు. కథకుడు చూడవలసింది సరిగ్గా ఈ మార్పునే. పైగా శిబిరంలో చదవడం, రాయడం నిషిద్ధం. పది రోజుల పాటు కలం పక్కన పెట్టడం రచయితకు మేలే చేయవచ్చు. కానీ బయటికి వచ్చి కలం పట్టిన తర్వాత కూడా లోపల చూసిన ఊపిరినే రాస్తూ, గేటు బయట చూసినదాన్ని రాయకపోతే ఆ మౌనం సాధన కాదు, అలవాటు.

ఈ విషయంలో మనకు ముందుదారి లేకపోలేదు. అంబేద్కర్ 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో బౌద్ధం స్వీకరించాడు. ఆయన మరణానంతరం 1957లో వెలువడిన 'బుద్ధుడు, అతని ధమ్మం' గ్రంథంలో సిద్ధార్థుడి గృహత్యాగానికి కారణమే మారింది. వృద్ధుణ్ణీ రోగినీ శవాన్నీ చూసి వైరాగ్యం కలగడం కాదు, రోహిణీ నది నీళ్ళ కోసం శాక్యులూ కోలియులూ యుద్ధానికి దిగడం, ఆ యుద్ధాన్ని అతడు వ్యతిరేకించడం. భిక్షువు తన పరిపూర్ణత చూసుకునేవాడా, సంఘసేవకుడా అని ఆ గ్రంథపు ముందుమాటలోనే ఆయన నిలదీశాడు. నీటి తగాదాలోంచి బుద్ధుణ్ణి నడిపించిన ఈ కల్పన, సాహిత్య దృష్టితో చూసినా, గొప్ప వస్తునిర్వహణ. రాహుల్ సాంకృత్యాయన్ చీవరం కట్టినవాడే, కిసాన్ ఉద్యమంలో జైలుకు పోయినవాడే. మనలో గురజాడ 1910లోనే 'మీ పేరేమిటి' కథలో శైవ వైష్ణవ తగాదాల మధ్య, మరుగునపడ్డ బౌద్ధాన్ని గుర్తుచేశాడు. వోల్గా 'యశోధర' నవల వెళ్ళిపోయినవాడి వైపు నుంచి కాక ఇంట్లో ఉన్న స్త్రీ వైపు నుంచి ఆ త్యాగాన్ని చూసింది. వీరెవరూ బుద్ధుణ్ణి కాదనలేదు. అతడి చుట్టూ ఉన్న మనుషులను తిరిగి తెచ్చి నిలబెట్టారు.

తెలుగు రచయితకు వస్తువు కోసం ఇగత్‌పురి దాకా పోనవసరం కూడా లేదు. నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల కాలంలో రాజవంశపు స్త్రీలూ ఉపాసికలూ కట్టించిన విహారాలు 1954 నుంచి 1960 దాకా జరిగిన తవ్వకాల్లో బయటపడ్డాయి. తర్వాత సాగర్ జలాశయం ఆ లోయను ముంచింది. కొన్ని కట్టడాలను రాయి రాయీ విప్పి ఎత్తైన చోట్ల తిరిగి నిలబెట్టారు. ఆ సాగర్ ఒడ్డున 274 ఎకరాల్లో బుద్ధవనం 2022లో ప్రారంభమైంది. మునిగిన లోయలో విహారాలే కాదు, ఊళ్ళూ ఉన్నాయి. కదిలిన రాళ్ళకు నంబర్లున్నాయి, ఫలకాలున్నాయి. కదిలిన కుటుంబాలకు మన కథల్లో ఎన్ని పుటలున్నాయి? ఆ నీళ్ళతోనే కాలువ కింద పచ్చబడిన పొలాలూ ఉన్నాయన్నది కూడా నిజమే. ఆ రెండింటినీ ఒకే కథలో పట్టగలిగినవాడే రేపటి సమర్థుడైన కథకుడు.

కనుక ధ్యాన కేంద్రం గురించి రాయవద్దని ఎవరూ అనరు. కథానాయకుణ్ణి అక్కడికి పంపండి. ఏడో రోజున అతడు ఏడవనీయండి, ఆ ఏడుపు నిజమైనదే కావచ్చు. కానీ అతడు గేటు దాటేటప్పుడు ఆ ప్రహరీకి రాయి మోసిందెవరో, అంతకు ముందు ఆ వాలులో మేకలు మేపిందెవరో, లోపలి నీటి తొట్టి ఏ బోరు నీళ్ళతో నిండుతోందో కథకు తెలిసి ఉండాలి. పాత్రకు తెలియకపోయినా ఫరవాలేదు, కథకు తెలియాలి. భర్హుత్ శిల్పి బుద్ధుణ్ణి చెక్కకుండానే బుద్ధుడి కథ చెప్పగలిగాడు. ఎద్దులను వదిలేసి ఉంటే మాత్రం చెప్పగలిగేవాడు కాదు.