పేరు లేని అడవి

ఆదివాసీ కవితా సంకలనం ఏది తెరిచినా నాలుగైదు పేజీలు తిప్పేసరికి అడవి తల్లి ఎదురవుతుంది. పచ్చగా ఉంటుంది, గాయపడి ఉంటుంది, బిడ్డల్ని పిలుస్తూ ఉంటుంది. ఆమె ఒంటి మీద ఏ చెట్టు ఉందో మాత్రం కవి చెప్పడు. ఇప్ప ఒకటి వస్తుంది, పువ్వు కోసం. వెదురు వస్తుంది, విల్లు కోసం. తక్కినదంతా పచ్చదనమే. ఈ మాట కోపంతో అనడం లేదు. మనవాళ్ల పుస్తకం ఏది అచ్చయినా తెచ్చుకుని రెండుసార్లు చదివేవాడిగా అంటున్నాను. అడవి అంటూ చెట్టు పేరు చెప్పని కవిత, అడవి అంటూ చెట్టు పేరు చెప్పని ప్రభుత్వ కాగితం తెలియకుండానే ఒకదానికొకటి సాయం చేసుకుంటున్నాయని నా వాదన.

కాగితం సంగతి ముందు చూద్దాం. 2021 నుంచి 2030 దాకా పదేళ్లని ఐక్యరాజ్యసమితి దెబ్బతిన్న ప్రకృతి వ్యవస్థల పునరుద్ధరణ దశాబ్దంగా ప్రకటించింది. 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో దేశాలు సమావేశమై, పాడైపోయిన నేలలు, నీళ్లు, తీరాల్లో కనీసం 30 శాతం 2030 నాటికి పునరుద్ధరణలో ఉండాలని ఒప్పుకున్నాయి. మన దేశం అంతకు ముందే 2 కోట్ల 60 లక్షల హెక్టార్లు బాగుచేస్తానని మాట ఇచ్చింది. మంచి మాటలే. అయితే అడవి పెరిగిందా తరిగిందా అని కొలిచే కొలపాత్ర ఏమిటి? ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్క ప్రకారం ఒక హెక్టారుకి తగ్గని నేల మీద పది శాతం కొమ్మల కప్పు ఉంటే చాలు, అది అడవి విస్తీర్ణంలోకి వస్తుంది. ఆ నేల ఎవరిది, ఆ చెట్టు ఏ జాతిది అని ఆ లెక్క అడగదు. జీడిమామిడి తోటకీ జామాయిల్ తోటకీ అందులో చోటుంది. ఉపగ్రహం పైనుంచి చూస్తుంది కాబట్టి దానికి పచ్చదనమే కనిపిస్తుంది. మన కవి కొండ కింద నిలబడి కూడా అదే చూస్తే ఎలా?

జీడి మాటే తీసుకోండి. ఈ జిల్లాలో ఏ పిల్లవాణ్ణి అడిగినా జీడిచెట్టు అంటే పలాస ఫ్యాక్టరీలకి పిక్కలు పోయే చెట్టే. అది బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్లు పదహారో శతాబ్దంలో తెచ్చిన చెట్టు. అంతకు ముందు నుంచీ మన కొండల్లో జీడి ఉంది. బట్టల మీద గుర్తు పెట్టడానికి చాకళ్లు వాడిన నల్లటి గింజ, నాటువైద్యంలో వాడిన గింజ. వచ్చిన కొత్త చెట్టుకి దాని పోలికతోనే జీడిమామిడి అని పేరు పెట్టారు. ఇప్పుడు వచ్చినదే జీడి అయింది. ఉన్నది 'నల్లజీడి' అని విశేషణం తగిలించుకుని బతుకుతోంది. సీతంపేట కొండల మీద కూడా ఇదే జరిగింది. పోడు మానిపించడానికి గిరిజనాభివృద్ధి సంస్థ జీడిమామిడి మొక్కలిచ్చింది. మనవాళ్లు నాటారు, డబ్బు చూశారు, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు బల్ల ముందు కూర్చుని రాసేవాడికి లేదు. చోడి, సామ, కొర్ర, కంది, బొబ్బర, వలిసె కలిసి పండిన కొండ వాలు ఒకే పంటకి మారితే ఏమవుతుందో 2018 అక్టోబరు 11న తెలిసింది. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన ఆ ఒక్క రోజులో జీడి, కొబ్బరి తోటలు వేళ్లతో సహా లేచిపోయాయి. చోడి పోతే మరుసటి వానకి మళ్లీ చల్లుకోవచ్చు. జీడి మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. పునరుద్ధరణ అంటూ మొక్క నాటేవాడు ముందు అక్కడేముండేదో అడగకపోతే నష్టం ఎవరి నెత్తిన పడుతుందో ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

నేనుండే ఆమదాలవలస పేరులోనే ఆమదం ఉంది. పక్క ఊరు చింతాడలో చింత ఉంది. సీతంపేట వైపు వెళ్తే అడ్డాకులగూడ ఉంది. ఊరికి పేరు పెట్టిన పాతవాళ్లు పచ్చదనం అని పెట్టలేదు, ఏ చెట్టుకి ఆ చెట్టు పేరే పెట్టారు. మా స్టేషన్‌కి శ్రీకాకుళం రోడ్ అని రైల్వేవాళ్ల పేరు. పట్టాల కింద ఇప్పుడు సిమెంటు దిమ్మలున్నాయి గానీ ఒకప్పుడు దేశమంతా పరిచిన దుంగల్లో గుగ్గిలం చెట్టుది పెద్ద వాటా. ఈ గుగ్గిలం గురించి కాస్త ఆగి చెప్పాలి. ఉత్తరాన హిమాలయాల అడుగు నుంచి, ఛోటానాగపూర్, ఒడిశా మీదుగా దిగివచ్చిన గుగ్గిలం అడవి తూర్పు కనుమల్లో మన ఉత్తరాంధ్ర కొండల దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడ పోతే దాని దక్షిణపు కొస పోయినట్టే. దాని గింజ వానలకి ముందు, మే-జూన్‌లో రాలుతుంది. రాలిన వారం పది రోజుల్లో తడి తగిలి మొలవకపోతే చచ్చిపోతుంది. గోనెలో కట్టి గిడ్డంగిలో దాచి వచ్చే ఏడాది నర్సరీకి పంపే గింజ కాదది. టేకు, జామాయిల్ అలా కాదు, చెప్పినట్టు వింటాయి. అందుకే మొక్కలు నాటే పథకాల్లో గుగ్గిలం పేరు అరుదుగా వస్తుంది. కాని కొట్టేసిన గుగ్గిలం మోడు నుంచి మళ్లీ చిగురేస్తుంది. పశువులు తొక్కకుండా, ఏటా నిప్పు పడకుండా నాలుగు వానలు కాపలా కాస్తే చాలు, గుంత తవ్వక్కర్లేదు, ప్లాస్టిక్ సంచిలో మొక్క తేనక్కర్లేదు. ప్రపంచమంతా ఇప్పుడు సహజ పునరుత్పత్తికి సాయం చేయడమే చవకైన, నమ్మకమైన మార్గమని చెప్పుకుంటోంది. ఈ కాపలా పనిలో బిల్లు పెట్టడానికి ఏమీ ఉండదు. పథకానికి అది నచ్చకపోవడానికి కారణం అదే అనుకుంటాను.

పోడు చేసిన పెద్దలకి ఈ సంగతి తెలుసు. మోకాలెత్తున మోడు వదిలి కొట్టేవారు. ఇప్ప, చింత, మామిడి, పనస జోలికి వెళ్లేవారు కాదు. మూడేళ్లు పండించి ఆ వాలు విడిచిపెడితే పది పన్నెండేళ్లకి గాని తిరిగి వచ్చేవారు కాదు. ఆ విరామమే అడవి తిరిగి లేచే కాలం. రిజర్వు గీతలు ఒక పక్క, జనం పెరగడం ఒక పక్క, తోటలు ఒక పక్క వచ్చి ఆ విరామం మూడు నాలుగేళ్లకి కుదించుకుపోయింది. అలా కుదించిన పోడు కొండని బోడి చేస్తుంది. ఈ నిజం మన కవిత్వంలో రాదు. అక్కడ పోడు ఎప్పుడూ పవిత్రమే. అధికారి నోట్లో పోడు ఎప్పుడూ నేరమే. ఎన్నేళ్ల విరామం అన్న ఒక్క ప్రశ్న ఇద్దరూ అడగరు. అడిగితే కవితా మారాలి, కేసూ మారాలి.

అడ్డతీగ కథ ఇంకా చిత్రమైనది. ఆడవాళ్లు కోసి, కట్టలు కట్టి సంతకి తెచ్చే అడ్డాకు ఒక మహా తీగది. అది పెద్ద చెట్ల మీదకి ఎగబాకుతుంది. అటవీ శాస్త్రం కళ్లకి అది కలప చెట్టుని నొక్కేసే శత్రువు. తీగలు నరకడం అని ఆ శాఖ పనుల్లో ఒక పనే ఉంది. మన ఇంటికి బియ్యం తెచ్చే తీగ వాళ్ల పుస్తకంలో కలుపు. పైగా ఎక్కడానికి చెట్టు లేకుండా తీగ బతకదు గనుక ఎకరాకి ఇన్ని మొక్కలు అనే లెక్కలో అది ఎప్పటికీ ఇమడదు. మరి ఆదివాసీ రచయిత్రి కాకపోతే అడ్డతీగ పక్షాన ఇంకెవరు రాస్తారు? ఈ తీగ మీద ఒక పూర్తి కథ ఇంతవరకూ నా కంట పడలేదు.

కవిత వృక్షశాస్త్రం కాదని కొందరు మిత్రులు అంటారు. కాదు, నిజమే. అయితే సవరల గోడబొమ్మలు చూడండి. 1955లో వచ్చిన తన పుస్తకంలో వెరియర్ ఎల్విన్ వాటి గురించి విస్తారంగా రాశాడు. చనిపోయినవాళ్ల కోసం, వాళ్లు అడిగారని, గోడ మీద ఒక ఇల్లు గీస్తారు. అందులో మనుషులు, జంతువులు, చెట్లు, ఆఖరికి విమానం కూడా ఉంటాయి. అవన్నీ ఒకరు అడిగినవి, ఒక ఇంటికి చెందినవి. ఊరికే ప్రకృతి అని గీసిన బొమ్మ కాదది. మన కళకి పేరుపేరునా గీసే అలవాటు ఉంది. పచ్చదనం అనే ముద్ద మనం తెలుగు భావకవిత్వం నుంచి, ఆ తర్వాత ఉద్యమ కవిత్వం నుంచి అరువు తెచ్చుకున్నది. 1967 అక్టోబరు 31న లేవిడిలో కోరన్న, మంగన్న తుపాకి గుండ్లకి పడిపోయిన తర్వాత ఈ కొండల మీద ఎన్నో కథలొచ్చాయి. శ్రీకాకుళంలో 1997లో కాళీపట్నం రామారావు గారు నెలకొల్పిన కథానిలయం ఇక్కడికి దగ్గరే. ఆసక్తి ఉన్నవాళ్లు వెళ్లి చదువుకోవచ్చు. షావుకారు, అప్పు, గార్డు, దళం, పోలీసు - ఈ సంబంధాలన్నీ వాటిలో పదునుగా దొరుకుతాయి. వాటి రుణం తీరేది కాదు. కానీ నేను చదివినంతలో కొండ వాటిలో ఎక్కువగా రంగస్థలమే, పాత్ర కాదు. ఆ రచయితలు చాలామంది మైదానం నుంచి వచ్చినవాళ్లు, వాళ్లకి అది చాలింది. మనకి చాలదు.

మన కొత్తల పండగల్లో ఉన్న వివరం మన రాతలో ఎందుకు లేదో ఆలోచించాలి. కందికొత్త చేయకుండా కొత్త కంది ముట్టం. టెంకపండగ కాకుండా మామిడి ముట్టం. సామకొత్త, కొర్రకొత్త ఇవన్నీ ఏ పంట ఎప్పుడు పక్వానికి వస్తుందో, ఎప్పటిదాకా చెయ్యి ఆపాలో చెప్పే నియమాలు. కాయ ముదరకుండా తెంపేస్తే విత్తు ఉండదని వేరే బోర్డు పెట్టక్కర్లేదు. కొర్ర పండించడం మానేసిన గూడలో కొర్రకొత్త ఎలా చేస్తారు? కొన్నిచోట్ల సంతలో కొని తెచ్చి చేస్తున్నారు. నాకు ఇందులో ఒక పెద్ద కథ కనిపిస్తోంది, రాసే చెయ్యి నాది కాదు.

ఆమదాలవలసకి కూతవేటులో పొందూరు ఉంది. ఆ ఖద్దరు గురించి రాసేవాళ్లు గాంధీ గారి మెప్పు గురించి, నూలు సన్నదనం గురించి రాస్తారు. ఆ నూలుకి వాడే నాటుపత్తి రకాల్లో ఒకదాని పేరు కొండపత్తి. పత్తిలో మట్టీ నలుసూ దులిపి పోగుల్ని సరిచేసే దువ్వెన వాలుగ చేప దవడ. ఒక బట్ట నిలబడాలంటే ఒక పత్తి రకం బతకాలి, ఒక ఏటి చేప బతకాలి. 2002లో బీటీ పత్తికి దేశంలో అనుమతి వచ్చాక నాటుపత్తులు ఎలా మూలకి పోయాయో అందరికీ తెలుసు. వాలుగ కూడా తగ్గిపోతున్న జాతుల జాబితాలో చేరింది. జీవవైవిధ్యం అనే పెద్దమాట మైదానంలో ఎవరికైనా అర్థం కావాలంటే ఈ పంచె చూపిస్తే సరిపోతుంది. పేరులో కొండ ఉంచుకున్న ఆ పత్తి గురించి కొండవాళ్ల వైపు నుంచి ఒక వ్యాసం రావాల్సి ఉంది.

ఇక చివరిగా పేర్లు ఎక్కడున్నాయన్న ప్రశ్న. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పేరిట తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ ఆయన సవరల దగ్గర సవర నేర్చుకున్నాడు. 1931లో ఆ భాషకి మాన్యువల్, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. ఆ రోజు సభల్లో సవర మాట ఒకటి రెండు వాక్యాల్లో ముగుస్తుంది. అడవి గురించి రాసే సవర యువకుడు మొదట తెరవాల్సిన పుస్తకం ఆ నిఘంటువు. జాతాపులకి అలాంటిది వేరే తయారు కావాలి.

ప్రభుత్వం వైపు నుంచీ ఒక పుస్తకం ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థా ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. ఏళ్ల తరబడి అది నత్తనడక నడిచింది. 2020 జనవరి 31 లోగా పూర్తి చేయకపోతే రాష్ట్రాలు నెలకి పది లక్షలు కట్టాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ఆదేశించేసరికి, దేశంలో వేలల్లో ఉన్న రిజిస్టర్లు చూస్తుండగానే లక్షల్లోకి వెళ్లాయి. అంత వేగంగా రాసిన పుస్తకంలో ఏ గూడ ముసలమ్మ మాట విని రాశారో చదివే మనమే తేల్చాలి. కవితా సంకలనానికి సమీక్ష రాసినట్టే మన పంచాయతీ రిజిస్టరుకీ సమీక్ష రాయాలని నా ప్రతిపాదన. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అడవిని కాపాడుకునే హక్కుతో పాటు తిరిగి పెంచుకునే హక్కునీ గ్రామసభకి ఇచ్చింది. జీవవైవిధ్యంపై సంప్రదాయ జ్ఞానానికీ అందులో హక్కుంది. అంటే పునరుద్ధరణ మన దగ్గర కూలిపని కాదు, హక్కు. ఆ హక్కు అడగడానికి గ్రామసభలో నిలబడేవాడి చేతిలో ముందు ఏమేముండేవో చెప్పే జాబితా ఉండాలి.

రిజిస్టరు నమూనాలో స్థానిక నామం అని ఒక గడి ఉంటుంది, ఆ విషయం తెలిసినవారి పేరు రాయడానికి ఇంకొకటి. వచ్చే సంచికకి కవితలు పంపే మిత్రులు తమ గూడ చుట్టూ ఉన్న ఓ ఇరవై చెట్లకి, తీగలకి, దుంపలకి సవరలోనో జాతాపులోనో ఉన్న పేర్లు తెలుగు లిపిలో రాసి, చెప్పినవాళ్ల పేర్లు వాళ్ల అనుమతితో కింద వేసి, కవితతో పాటు జత చేయమని సంపాదకుల్ని అడిగాను. కాగితం ధర ఎక్కువైందని అన్నారు. రెండు పేజీలు చాలని చెప్పాను.