మకుటమున్న ప్లేటు, మకుటము లేని ప్లేటు

మనుచరిత్ర మేలా, వసుచరిత్ర మేలా యను వాదముతో మన పండితులు గడిపిన సాయంకాలములకు లెక్క లేదు. ఆ వాదము తెగదని ఇరుపక్షములవారికిని తెలియును. తెగకుండుటయే దానిలోని రుచి యనియు తెలియును. రాక్ సంగీతమును శ్రద్ధగా వినువారి నడుమ అట్టి వాదమొకటి అర్ధశతాబ్దికి పైగా సాగుచున్నది. లివర్‌పూల్ నుండి వచ్చి లోకమును మోహింపజేసిన బీటిల్స్ బృందమువారు 1966 ఆగస్టు 5న ‘రివాల్వర్’ అను ఆల్బమును, మరుసటి యేడు మే నెలాఖరున ‘సార్జంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ అను ఆల్బమును వెలువరించిరి. రెంటికిని నడుమ పట్టుమని పది నెలలు లేవు. ఏది మేలు? నేను మొదటిదాని పక్షమువాడను; ఆ మాట ముందే ఒప్పుకొని, పిమ్మట కారణములు విన్నవించుట న్యాయము.

గ్రామఫోను ప్లేటు చిరకాలము సాక్షి మాత్రమే. గాయకుడు పాడును, యంత్రము వినును, వినినదానిని గాడులలో దాచును. పాట వేరు, దాని నకలు వేరు. బీటిల్స్ వారి తొలి ఆల్బమును అట్టిదే. దానిలోని 14 పాటలలో 10 పాటలను 1963 ఫిబ్రవరి 11న ఒక్క దినములో పాడి ముగించిరి. నాడు వారి కచ్చేరి ఎట్లుండెనో ప్లేటును అట్లే యుండెను. మూడేండ్లు తిరుగునప్పటికి ఈ సంబంధము తలక్రిందులైనది. ‘రివాల్వర్’ వెలువడిన వేసవిలో ఊరూర తిరిగి పాడుచు కూడ, అందలి పాట నొక్కదానినైనను వారు వేదిక మీద వినిపింపలేదు. ఆగస్టు 29న శాన్ ఫ్రాన్సిస్కోలో కచ్చేరి ముగించి, పర్యటనలకే స్వస్తి చెప్పిరి. నలుగురు మనుష్యులు, మూడు గిటార్లు, కొన్ని డ్రమ్ములు కలిసి పలికించుటకు వీలుగాని పాటలవి. వాటికి ప్లేటే మూలప్రతి. లండన్ నగరమున ఎబీ రోడ్డులోని ఇ.ఎం.ఐ. స్టూడియో, అందలి టేపు యంత్రములు, మైక్రోఫోనులు అన్నియు కలిసి వారి చేతిలో ఒక వాద్యమైనవి. ఈ మార్పు వీరొక్కరి చలువయే యనుట అన్యాయము; అదే సంవత్సరము మే నెలలో అమెరికాలో బీచ్ బాయ్స్ వారి ‘పెట్ సౌండ్స్’ వెలువడియే యున్నది. అయినను ఆ వాద్యమునకు శ్రుతి చేసి, దానిపై ఆలాపన మొదలుకొని తనియావర్తనము వరకు నడిపించి చూపినవారు వీరు.

తెర వెనుకనున్న మువ్వురిని తలపకపోవుట కృతఘ్నత. జార్జి మార్టిన్ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతము నభ్యసించిన నిర్మాత. జెఫ్ ఎమెరిక్ ‘రివాల్వర్’ తోనే ప్రధాన శబ్దగ్రాహకుడైన ఇరువదియేండ్ల కుఱ్ఱవాడు. కెన్ టౌన్సెండ్ యంత్రముల మర్మమెరిగిన వాడు. గొంతునకు నిండుదనము రావలెనన్నచో గాయకుడు ఒకే చరణమును రెండుమారులు పాడగా రెంటిని కలిపివేయుట అప్పటి వాడుక. రెండవమారు పాడునప్పుడు మొదటి ఊపిరి, మొదటి పలుకు, మొదటి వంపు అన్నియు అచ్చు గ్రుద్దినట్లు రావలెను. బృందములోని జాన్ లెనన్‌కు ఆ చాకిరి పరమ విసుగు. టౌన్సెండ్ రెండవ టేపు యంత్రము నొకదానిని జతచేసి, దాని వేగమును అటునిటు సవరించుచు, రెప్పపాటులో చిన్న పాలైన ఆలస్యముతో అదే గొంతును దానికే తోడుగా పాడించెను. ఒకని బద్ధకము మరొకని బుద్ధికి పని కల్పించుట కళాచరిత్రలో క్రొత్త కాదు. ఎమెరిక్ పెద్ద డ్రమ్ములో ఉన్ని స్వెట్టరు కుక్కి, మైక్రోఫోనును దాని ముఖమునకు అంగుళముల దూరమునకు తెచ్చెను. యంత్రములు పాడగునను భయముతో సంస్థవారు విధించిన నియమములకిది విరుద్ధము. ఫలితమేమనగా, అంతకుముందు గోడ యవతల నుండి వినబడు డ్రమ్ము ఇప్పుడు మన ప్రక్కటెముకల నడుమ మ్రోగినది.

ఈ పనితనమంతయు ఒక్కచోట చూడగోరువారు ‘టుమారో నెవర్ నోస్’ అను పాటను వినవలెను. ఆల్బములో చివరిది, 1966 ఏప్రిల్ 6న మొట్టమొదట ఆరంభించినది. టిబెట్టు వారి మృతగ్రంథము నాధారముగా టిమోతీ లియరీ మొదలగువారు వ్రాసిన పుస్తకమును చదివి లెనన్ కట్టిన పాట యిది. పర్వతశిఖరమున దలైలామా వేలకొలది భిక్షువులతో మంత్రము పఠించినట్లు తన గొంతు వినబడవలెనని అతడు కోరెనట! ఎమెరిక్ ఆ గొంతును హామండ్ ఆర్గనుకు చేర్చు లెస్లీ పెట్టెలోనికి పంపెను. ఆ పెట్టెలో ధ్వని గిరగిర తిరుగుచు బయటికి వచ్చును. పాటలో రెండవ సగమున లెనన్ దూరమున సుడిగాలిలో నిలిచినట్లు వినబడుటకు ఇదే కారణము. ఇక టేపు వలయముల మాట. బృందములోని మరొకడు పాల్ మెకార్ట్‌నీ ఇంటివద్ద చిన్న చిన్న టేపు ముక్కలపై ధ్వనులను బంధించి, కొసలు అతికించి, వలయములు చేసి తెచ్చెను. అందులో ఐదింటిని ఐదు యంత్రములపై ఒకేసారి తిప్పవలసి వచ్చినది. యంత్రములు వేర్వేరు గదులలో నుండెను. వలయము బిగువు తప్పకుండ సిబ్బంది పెన్సిళ్లతో పట్టుకొని నిలిచిరి. మీటలవద్ద నున్నవారు ఏ ధ్వనిని ఎప్పుడు పైకి తేవలెనో అప్పటికప్పుడు నిర్ణయించుచు పోయిరి. మరల ఎవరు చేసినను అచ్చముగా అట్లు రాదు. యంత్రముతో చేసిన పనియందు మనోధర్మమునకు చోటు దొరకుట నన్ను నేటికిని ఆశ్చర్యపరచు విషయము.

కర్ణాటక సంగీతమునకు అలవడిన చెవికి ఈ పాటలో మరొక చుట్టరికము కలదు. స్వరసంఘాతములు మారుచుండుటయే పాశ్చాత్య గీతమునకు నడక. ఇందులో ఆ నడక దాదాపు లేదు. అడుగున తంబురా, షడ్జము వదలని ఆధారశ్రుతి, పైన కైశికి నిషాదము వచ్చి తట్టిపోవుట, అంతే. హరికాంభోజి మేళపు నీడలో నిలిచిన పాట యనవచ్చును. మూడు నిమిషములకు లోపలనే ముగియును గాని, ముగిసినట్లు తోచదు.

అదే ఆల్బములోని ‘ఎలినార్ రిగ్బీ’ లో యంత్రవిద్య తక్కువ, స్వరవిద్య ఎక్కువ. బీటిల్స్ వారిలో ఒక్కరును ఇందు వాద్యము ముట్టలేదు; నాలుగు వయొలిన్లు, రెండు వయోలాలు, రెండు చెల్లోలు మాత్రమే. మైక్రోఫోనులను తంత్రుల కంత దగ్గరకు తెచ్చుటచే కమాను ఒరపిడి సైతము వినబడును. అందుచేత ఆ వాద్యగోష్ఠి విలాసమును వీడి, కరకుదనమును తెచ్చుకొన్నది. గొంతు చతుశ్రుతి ధైవతమును పట్టి ఖరహరప్రియ వైపు మొగ్గును. అడుగున వాద్యములు శుద్ధ ధైవతమును పలికి నఠభైరవి వైపు లాగును. ఒంటరియైన స్త్రీ, ఆమెకు అంత్యక్రియలు చేయు పురోహితుడు, ఇద్దరును ఒకే ఊరివారైయుండియు జీవితమున కలియని కథకు ఈ రెండు ధైవతములకన్న తగిన వ్యాఖ్యానము నాకు కనబడదు. పాట కట్టిన మెకార్ట్‌నీ ఇట్లు ఆలోచించి చేసెనని నేననను. చెవి చెప్పినట్లు చేసియుండును.

‘అయామ్ ఓన్లీ స్లీపింగ్’ లో బృందపు గిటారు వాద్యకారుడు జార్జి హారిసన్ గిటారు తలక్రిందుగా నడచును. రావలసిన స్వరములను ముందు కూర్చుకొని, వానిని కొసనుండి మొదటికి వ్రాసి, ఆ విలోమక్రమమున వాయించి, టేపును మరల వెనుకకు త్రిప్పిరి, గంటలకొలది శ్రమ. స్వరము పుట్టుచునే క్షీణించుట గిటారు స్వభావము. ఇక్కడ క్షీణత నుండి పుట్టి ఉబ్బి, తటాలున తెగిపోవును. మొదటిసారి విన్నప్పుడు క్యాసెట్టు యంత్రము టేపును నమిలివేసినదని భ్రమించి నేను ఆపివేసితిని. మన చిత్రకవులు అనులోమ విలోమ పద్యములు చెప్పి సెబాసనిపించుకొన్నారు గాని, వానిలో అధికభాగము విద్యాప్రదర్శనము. ఈ పాటలో విద్య కనబడదు, నిద్ర కనబడును. పడకపై పొరలుచు లేవనొల్లని వాని మగత ఆ వెనుకకు నడచు స్వరములలో సాక్షాత్కరించును.

భారతీయ వాద్యముల ప్రసక్తి వచ్చునప్పుడు మాత్రము నా పక్షము బలహీనమని ఒప్పుకొనవలెను. ‘రివాల్వర్’ లోని ‘లవ్ యూ టు’ హారిసన్ రచన. సితారు ఆలాపనతో ఆరంభమగును. తబలా వాయించిన అనిల్ భగవత్ పేరు అట్టమీద అచ్చైనది. ఉత్సాహమున్నది గాని పరిచయము నిన్నటిది. ఆ జూన్ లోనే హారిసన్ రవిశంకర్‌ను కలిసికొనెను. సెప్టెంబరులో బొంబాయికి వచ్చి ఆయన వద్ద సితారు నభ్యసించెను. ఆ శిక్షణ ఫలము ‘పెప్పర్’ లోని ‘వితిన్ యూ వితౌట్ యూ’. తక్కిన ముగ్గురు బీటిల్స్ ఇందు లేరు. లండన్‌లోని భారతీయ వాద్యకారులున్నారు. మన కచ్చేరిలో వయొలిన్ విద్వాంసుడు గాయకుని వెన్నంటి పోవునట్లు దిల్‌రుబా హారిసన్ గొంతు వెంట నీడవలె నడచును. మార్టిన్ వ్రాసిన పాశ్చాత్య వయొలిన్లు ఆ దిల్‌రుబా జారులను అనుసరించి జారును. నడుమ వాద్యభాగము పదిమాత్రల ఝప్తాళము. మనవారికి ఖండచాపు చప్పున స్ఫురించును. పరదేశి యొకడు మన సంగీతమును సుగంధద్రవ్యమువలె చల్లుకొనక, శిష్యుడై వచ్చి నేర్చుకొని చేసిన పాట యిది. చివర కొందరి నవ్వు వినబడును. అంత గంభీరముగా పాడి, తన గాంభీర్యమును తానే కొంచెము వెక్కిరించుకొనెనని నాకు తోచును.

‘పెప్పర్’ అట్టమీద కూడ మనవారున్నారు. పీటర్ బ్లేక్, జాన్ హావర్త్ దంపతులు కూర్చిన ఆ ప్రసిద్ధ జనసమూహములో హారిసన్ కోరికపై యోగానంద పరమహంస, ఆయన గురువు యుక్తేశ్వర్ గిరి మొదలగు నలుగురు గురువులు చేరిరి. మహాత్మాగాంధీ బొమ్మ సైతము నుండెను. మన దేశమున ఆక్షేపణ రాగలదను శంకతో ఇ.ఎం.ఐ. వారు తొలగింపజేసిరి.

‘పెప్పర్’ కొక యుక్తి కలదు. బీటిల్స్ అను పేరే బరువైన వేళ, తాము వేరొక కల్పిత బ్యాండుగా నటించి పాడవలెనను ఆలోచన 1966 నవంబరులో కెన్యా నుండి విమానములో తిరిగి వచ్చుచుండగా మెకార్ట్‌నీకి తట్టినది. యక్షగానమున సూత్రధారుడు వచ్చి సభకు వందనము చేసినట్లు తొలిపాట బ్యాండును పరిచయము చేయును. చివర అదే పాట మరల వచ్చి సెలవు తీసికొనును. పాటకును పాటకును నడుమ విరామము దాదాపుగా లేదు. పాటల సాహిత్యమును అట్టవెనుక అచ్చువేసిరి. లోకము దీనిని అఖండకావ్యమని మెచ్చుకొన్నది. 1968లో ‘సంవత్సరపు ఉత్తమ ఆల్బము’గా గ్రామీ బహుమతి దక్కినది. అయినను లోనికి పోయి చూచినచో బ్యాండు కథ రెండవ పాటతో ఆగిపోవును. తన పాటలకును ఆ బ్యాండుకును సంబంధమే లేదని లెనన్ తరువాతి కాలమున నిస్సంకోచముగా చెప్పెను. సర్కసు పాటకు 1843 నాటి ప్రకటన పత్రమాధారము. పారిపోయిన పిల్ల కథ వేరు. అరువది నాలుగేండ్ల వార్ధక్యపు ఊహ వేరు. ఇది ప్రబంధము గాదు, శతకము. శతకమును ఒక్కటిగా నిలుపునది కథ కాదు గదా, పద్యము చివర వచ్చు మకుటము! ‘పెప్పర్’ మకుటము జిలుగైనది. అది చూచియే జనులు శిరస్సు వంచిరి.

ఇంత చెప్పి, ‘ఎ డే ఇన్ ది లైఫ్’ ను విడిచిపోవుట కుదరదు. లెనన్ వార్తాపత్రిక చూచి వ్రాసిన భాగమునకును మెకార్ట్‌నీ ఉదయపు హడావుడికిని నడుమ 24 ఆవర్తముల ఖాళీ మిగిలినది. సహచరుడు మాల్ ఎవాన్స్ ఆ ఆవర్తములను గట్టిగా లెక్కపెట్టెను, లెక్క ముగియగానే అలారం గడియారము మ్రోగెను. ఆ మ్రోత నేటికిని ప్లేటులో నున్నది. 1967 ఫిబ్రవరి 10న 40 మంది వాద్యకారులను పిలిపించిరి. మార్టిన్ ఒక్కొక్క వాద్యమునకు అందగల అతి మంద్రస్వరమును మొదట, తారస్థాయి స్వరమును చివర వ్రాసి, నడుమ దారిని వారికే విడిచిపెట్టెను. ప్రక్కవానిని వినవద్దు, ఎవరి వేగమున వారు పైకెక్కుడనుట ఆజ్ఞ. జీవితమంతయు ప్రక్కవానితో కలిసి వాయించుటనే అభ్యసించిన పెద్దమనుష్యులకు ఇంతకన్న కష్టమైన శిక్ష లేదు. ఈ ఆరోహణమును నాలుగుమార్లు గ్రహించి ఒకదానిపై నొకటి పేర్చిరి. పిమ్మట ఫిబ్రవరి 22న అనేక పియానోలపై అనేక హస్తములు ఒక్కమారు మోపి పలికించిన చివరి స్వరసంఘాతము. రెండు ఆల్బములలోని 27 పాటలలోను శిఖరము నడుగువానికి నేను దీనినే చూపుదును.

శిఖరమెత్తును బట్టి కొండకు విలువ కట్టుదుమా, కొండమీది నడకను బట్టియా యనునదే మిగిలిన తగాదా. ‘పెప్పర్’ లో కొన్నిచోట్ల అలంకారము పాటకన్న ముందు నడచును. ‘గుడ్ మార్నింగ్’ చివర ఒక జంతువును తరుమగల జంతువు దాని వెనుక కూయునట్లు ధ్వనులను కూర్చిరి; ముచ్చటైన పని, కాని పాటకు అక్కరలేని పని. ‘రివాల్వర్’ లో అట్టిది చూపుమన్నచో నేను తడుముకొందును. పిల్లలకై పాడిన ‘ఎల్లో సబ్‌మెరీన్’ లోని అల్లరి సైతము దాని ఒంటికి తగిన చొక్కాయే. పైగా ‘పెప్పర్’ కై మొట్టమొదట మలచిన ‘స్ట్రాబెరీ ఫీల్డ్స్’, ‘పెన్నీ లేన్’ లను ముందుగా చిన్న ప్లేటుగా విడుదల చేసి, ఆల్బము నుండి వదలివేసిరి. తన వృత్తిజీవితమున అంతటి పొరపాటు చేయలేదని మార్టిన్ పశ్చాత్తాపపడెను. అవి చేరియున్నచో నేనీ వ్యాసమును మరియొక విధముగా వ్రాయవలసి వచ్చెడిదేమో.

‘రివాల్వర్’ కీర్తి ఆలస్యముగా పెరిగినదనినచో అందుకు దాని లోపము మాత్రమే కారణము కాదు. అమెరికాలో వెలువరించినవారు 14 పాటలలో మూడింటిని అంతకుముందే వేరొక ఆల్బమునకు మళ్లించి, మిగిలిన 11 పాటలతో దీనిని అమ్మిరి. ఆ మూడును లెనన్ ప్రధానముగా వ్రాసినవే. పూర్తి కూర్పు ఆ దేశమున అంగళ్లకు వచ్చుటకు 1987లో కాంపాక్ట్ డిస్కు రావలసి వచ్చినది. కాళ్లు చేతులు తీసివేసిన విగ్రహమును చూచి శిల్పిని నిందించిన వారెందరో!

రాత్రిపూట నేను తరచుగా రెంటిని వరుసగా వినుదును, ‘పెప్పర్’ ముందు. ఆ చివరి పియానో స్వరము క్షీణించుచుండ, దానిని నిలుపుటకై ఎమెరిక్ మీటలను పైకెత్తుచు పోయెను; అందుచేత నలువది సెకండ్లకు పైగా సాగు ఆ మ్రోత కడపట, గదిలోని కుర్చీ కిఱ్ఱుమనుట సైతము వినబడును. లేచి ప్లేటు మార్చుదును. ముల్లు గాడిలో పడగానే ఎవరో నిద్రగొంతుతో ఒకటి రెండు లెక్కపెట్టుట, నడుమ ఒక దగ్గు. అంతలో ‘టాక్స్‌మన్’ గిటారు చిఱ్ఱుమని లేచును, నేను కుర్చీని దగ్గరకు లాగుకొందును.