గుమాస్తా నవల: పాఠశాలలో ఆర్వెల్

జార్జి ఆర్వెల్ 1949లో ప్రకటించిన ‘నైన్‌టీన్ ఎయిటీఫోర్’ను పాఠశాలలో ఎట్లు చెప్పవలెనను ప్రశ్న ఆంగ్లోపాధ్యాయులకు విడిచిపెట్టవలసినదని మన రచయితలలో పలువురు భావింపవచ్చును. నాకట్లు తోచదు. ఢిల్లీలోను, తదితర నగరములలోను పెరుగుచున్న తెలుగు బిడ్డలలో అనేకులకు గంభీరమైన నవల మొదట ఎదురగునది ఆంగ్లముననే. నవల యనగా నేమియని ఆ తొలి పరిచయములో వారు గ్రహింతురో, రేపు తెలుగు నవలను చేతబట్టినపుడును దానినే వెదకుదురు.

సాధారణముగా ఈ గ్రంథమును భవిష్యద్వాణిగా బోధించుట కలదు. గోడమీది తెర నేటి కెమెరాయే, పెద్దన్న ఫలానా నాయకుడే యని పట్టిక వ్రాయించి, రచయిత ఊహించినవానిలో ఎన్ని నిజమైనవో లెక్కింపజేయుదురు. విద్యార్థులు చక్కగానే వ్రాయుదురు, మార్కులును వచ్చును. కాని 1984 గడచి నాలుగు దశాబ్దములు దాటినది. భవిష్యద్వాణి మాత్రమే యైనచో ఈ పుస్తకము పాత పంచాంగము వంటిది. పాత పంచాంగమును ఉగాదినాడు ఎవరు విందురు?

దీనిని గుమాస్తా నవలగా చదివింపవలెనని నా వాదము. విన్‌స్టన్ స్మిత్ ప్రభుత్వ కార్యాలయములో కాగితములు దిద్దు ఉద్యోగి. పాత పత్రికలలోని మాటలను నేటి స్థితికి సరిపడునట్లు మార్చి, తనకు వచ్చిన ఉత్తరువును, తాను వ్రాసికొన్న గమనికలను గోడలోని రంధ్రములో పడవేయుట అతని నిత్యకృత్యము. ఈ వ్యవస్థను అతడు అసహ్యించుకొనును. అయినను పనిని బాగుగా చేయును, అందు అతనికి వృత్తిసంతోషము కూడ కలదు. ఓగిల్వీ ఘట్టమును చూడుడు. పార్టీ ఆగ్రహమునకు గురియైన యొకనిని మెచ్చుకొన్న పాత ప్రసంగమును మరుగుపరచుటకై విన్‌స్టన్ ఎన్నడును లేని ఓగిల్వీ అను వీరుని కల్పించును. పుట్టుక, బాల్యము, త్యాగము, మరణము అన్నియు సమకూర్చును. ఇట్లే వ్రాయుమని అతనిని ఎవరును ఆజ్ఞాపింపలేదు. తన కల్పనాశక్తిని తానే అందు వెచ్చించెను. చెరసాల ఘట్టముకంటె నాకిదియే భయంకరముగ తోచును. రచయితలు దీనిని మరియొకసారి చదువుకొనుట మంచిది.

ఈ విధముగ చెప్పదలచిన ఉపాధ్యాయునకు ఢిల్లీలోని రామకృష్ణపురము వంటి చోట ఒక సౌకర్యము కలదు. కేంద్ర ప్రభుత్వోద్యోగుల కొరకు కట్టిన క్వార్టర్లతో పెరిగిన ఈ ప్రాంతములో చిరునామా యనగా సెక్టారు సంఖ్య. ఉద్యోగి హోదానుబట్టి క్వార్టరు తరగతి. ఫైలు, నోటు, సర్క్యులరు అను మాటలను అట్టి యిండ్ల పిల్లలు అన్నముతోబాటు వినియుందురు. పనిచేయని లిఫ్టు, పొదుపు పేరిట పగటివేళ నిలిపివేసిన విద్యుత్తు, నడవలో ఉడికిన కాబేజీ వాసన గల విన్‌స్టన్ నివాసమును వారికి విడమరచి చెప్పనక్కరలేదు. చాకొలెట్టు రేషను 30 గ్రాములనుండి 20కి తగ్గించి, 20కి పెంచినందులకు జనులు కృతజ్ఞతతో ఊరేగిరని మరునాడు ప్రకటించిన ఉదంతమునకు వారు మొదట నవ్వుదురు. ఆ నవ్వు ఆగిన పిమ్మట ఉపాధ్యాయుడు ఒక ప్రశ్న వేయవలెను: రేషను తగ్గదని యిచ్చిన పాత వాగ్దానమును దిద్దిన చేయి ఎవరిది? విన్‌స్టన్‌దే.

అప్పుడు ఎవడో ఒక బాలుడు తన తండ్రిని తలచుకొనక మానడు. ఆ తలపును తప్పించుట పిరికితనము. నియమము ప్రకారము నడచు ప్రభుత్వపు ఫైలులో పుటలకు వరుససంఖ్య లుండును. పై అధికారి క్రిందివాని నోటుతో విభేదింపవచ్చునే గాని దానిని చింపివేయరాదు. 2005లో వచ్చిన సమాచారహక్కు చట్టము పౌరుడడుగగల వానిలో ఆ నోటును కూడ చేర్చినది. చక్కగా నిర్వహించిన ఫైలు ఆ గోడలోని రంధ్రమునకు పరమశత్రువు. గుమాస్తా వృత్తిలో ఈ రెండు అవకాశములును ఉన్నవని తెలిసిన బాలునికి నవల ఎచ్చటనో లండనులో జరిగిన కథగా మిగులదు.

తెలుగు చదువగల విద్యార్థి యున్నచో రావిశాస్త్రి ‘అల్పజీవి’లోని సుబ్బయ్యను విన్‌స్టన్ ప్రక్కన నిలుపవచ్చును. ఇద్దరును భయపడు చిరుద్యోగులే. సుబ్బయ్యకు భయపెట్టుటకైన మనుష్యులు కలరు. విన్‌స్టన్‌ను భయపెట్టునది ఒక చిత్తరువు. ఇంతకంటె పోలిక సాగదు. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ (1853) మరింత ఉపకరించును. మిత్రభేదములో దమనకుడు సింహమునకును వృషభమునకును నడుమ కల్లలు పన్ని వధకు కారకుడగును. కాని అవి కల్లలని కరటకు డెరుగును, పాఠకు డెరుగును, దమనకుడును ఎరుగును. నిజము కథలో ఒక మూల చెక్కుచెదరక నిలిచియుండును. ఆర్వెల్ లోకములో ఆ మూల లేదు. సరిపోల్చి చూచుటకు కాగితము మిగులనపుడు అబద్ధమును అబద్ధమని నిరూపించుట యెట్లు?

ఢిల్లీ విద్యార్థికి దీనిని దగ్గరచేయు చరిత్ర దూరమున లేదు. 1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి వచ్చినపుడు బహదూర్‌షా జఫర్ మార్గమునందలి పత్రికా కార్యాలయములకు విద్యుత్తు ఆగిపోయినది. (ఆర్వెల్ 1903లో బీహారునందలి మోతీహారిలో పుట్టినదియు జూన్ 25ననే. ఉపాధ్యాయులకు ఇట్టివి ప్రీతికరములు. కాకతాళీయమునకు మించి యిందేమియు లేదు.) 2022లో ఎన్.సి.ఇ.ఆర్.టి., కోవిడ్ అనంతరము విద్యార్థుల భారమును తగ్గించుటకని చెప్పి, పండ్రెండవ తరగతి రాజనీతిశాస్త్ర గ్రంథములో అత్యవసర పరిస్థితిని గూర్చిన కొన్ని పుటలను తీసివేసినది. ఆ గ్రంథపు రెండు ముద్రణములను తరగతికి తేవలెను. ఇదియే ఆర్వెల్ చెప్పిన సత్యమంత్రిత్వశాఖ యని పిల్లలచేత అనిపించుట సులభము. అది తప్పు పాఠమగును. పాత ప్రతి అన్నగారి పెట్టెలో నున్నది, పాతపుస్తకముల అంగడిలో నున్నది. తొలగించిన భాగములను పత్రికలు పేర్కొని చర్చించినవి. పుట తీయుట వేరు, తీసిన జాడ సైతము లేకుండ జేయుట వేరు. ఈ రెంటి నడుమ దూరమెంత, అది తరుగుచున్నదా యని విద్యార్థులే కొలుచుకొనవలెను.

నవలలో ఈ విద్యార్థుల స్థానమేది? విన్‌స్టన్ స్థానము కాదు. పొరుగింటి పార్సన్స్ బిడ్డలదే వారి స్థానము. ఏడేండ్ల కూతురు తండ్రి నిద్రలో పలికిన మాటను విని అతనిని పట్టియిచ్చును. చెరలో ఆ తండ్రి కూతురిని చూచి గర్వపడును. పాఠశాలకు ఇంతకంటె తగిన ఘట్టము లేదు. జూలియా పాత్ర పలుచన, గోల్డ్‌స్టీన్ గ్రంథభాగము దీర్ఘము; వానిపై కాలము వ్యర్థపరుపవద్దు. మూడవ భాగములోని హింస దృష్ట్యా పదునొకండవ తరగతికి ముందు ఈ నవలను చెప్పుట నాకు సమ్మతము కాదు.

ఆఖరున నున్న అనుబంధమును పరీక్షకు రాదని విడిచిపెట్టుట కలదు. అమెరికాలో ఒక పుస్తకసంఘము దానిని కూడ తొలగింపుమని కోరగా ఆర్వెల్ అంగీకరింపలేదు. 1941 మొదలు 1943 వరకు బి.బి.సి. తూర్పు విభాగమునందు భారతీయ శ్రోతలకు ప్రసంగములు కూర్చిన యీ రచయిత, ఆగ్డెన్ 1930లో 850 మాటలకు కుదించిన ‘బేసిక్ ఇంగ్లీషు’ను కూడ ఎరిగినవాడు. మాటలు తగ్గినకొలది తలపులు తగ్గునను సూత్రముపై నడచు ‘న్యూస్పీక్’ వ్యాకరణమే ఆ అనుబంధము. అది భూతకాలములో నడచును. అనగా ఆ భాష గతించిన పిమ్మట మామూలు ఆంగ్లములో ఎవరో దానినిగూర్చి వ్రాయుచున్నారు. నవలలోని ఏకైక ఆశ ఈ క్రియారూపములో దాగియున్నది.

ఈ చోటనే తెలుగు రచయితతో పని. మన పత్రికలలో ‘ఆదేశములు జారీ చేయబడినవి’ అను వాక్యమునకు కర్త లేడు. ఎవరు జారీ చేసిరని అడిగి వాక్యమును తిరిగి వ్రాయించుట మంచి అభ్యాసము. ‘ఎదురుకాల్పులు’ అను మాటను చూడుడు. ఇరువైపుల తుపాకులు ప్రేలినవని విచారణకు ముందే ఆ మాట తీర్పు చెప్పును. ‘ఎన్‌కౌంటరు’ అనగా ఆంగ్లములో ఎదురుపడుట. తెలుగున ‘ఎన్‌కౌంటరు చేసిరి’ అన్నచో చంపిరని చదువురానివానికిని తెలియును. అందరికిని తెలిసినది గనుకనే ‘చంపిరి’ అని ఎవరును పలుకనక్కరలేకపోయినది. ఇట్టి మాటలను ఆంగ్లోపాధ్యాయుడు తనంత తాను ఏరి తేలేడు. అనుబంధమును తెనిగించువాడు ఆర్వెల్ ఉదాహరణలకు సమానపదములు వెదకుట మాని, ఒక నెల తెలుగు దినపత్రికలను ముందుంచుకొని కూర్చుండిన చాలును.