పికోఆంపియర్‌ను పట్టే పనితనం

గ్లూకోమీటర్ పట్టీ మీద రక్తపు బొట్టు పడగానే పుట్టేది మైక్రోఆంపియర్లలో ఉండే కరెంటు. దాన్ని వోల్టేజీగా మార్చే ఆంప్లిఫయర్ గీసినవాళ్లకు మనం ఎంతో రుణపడి ఉన్నాం.

కరెంటు ఇంకా చిన్నదయ్యేకొద్దీ వాళ్ల పనితనం తెలుస్తుంది. ఒక పికోఆంపియర్ ఒక గిగాఓమ్ రెసిస్టర్‌లో పారితే వచ్చేది ఒక్క మిల్లీవోల్టు. అక్కడ బోర్డు మీద పడ్డ వేలిముద్ర కూడా కరెంటుకు దొంగదారే. అందుకే టంకం వేశాక మిగిలిన ఫ్లక్స్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా కడుగుతారు. ఇన్‌పుట్ పిన్ను చుట్టూ, దాదాపు అదే వోల్టేజీలో ఉండే రాగి గీతను గార్డ్ రింగ్‌గా వేస్తారు. రెండుచోట్లా వోల్టేజీ సమానమైతే లీకేజీకి తావుండదు. మొత్తాన్ని లోహపు డబ్బాలో పెట్టి, బ్యాటరీతో నడిపితే కరెంటు లైన్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ రొద చాలావరకు దూరం.

ఇక పొదుపు. సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీలో ఉండేది సుమారు 220 మిల్లీఆంపియర్ అవర్లు. సర్క్యూట్ 10 మైక్రోఆంపియర్లే తాగితే, లెక్కప్రకారం రెండేళ్లు దాటి నడుస్తుంది. కానీ ఆంప్లిఫయర్‌కు కరెంటు తగ్గిస్తే వేగం తగ్గుతుంది, నాయిస్ పెరుగుతుంది. ఏది ఎంత వదులుకోవాలో తేల్చే ఆ వివేకానికే నా నమస్కారం.