రాతిపై రంగు: సాక్ష్యమెంత, ఊహ యెంత?

భోపాలు నగరమునకు దక్షిణముగా సుమారు 45 కిలోమీటర్ల దూరములో, వింధ్యపర్వతముల అంచున, అడవి నడుమ ఇసుకరాతి గుట్టల వరుస కలదు. గాలివానలు తరతరములుగా ఆ రాతిని తొలిచి, ఇంటి చూరువలె ముందుకు చొచ్చుకొనివచ్చిన బండలను మిగిల్చినవి. ఎండవానలకు మరుగైన ఇట్టి చోట్లను శిలాశ్రయములందురు. ఇచ్చట 700కు పైగా శిలాశ్రయములు గుర్తింపబడినవి. వానిలో 400కు పైగా ఆశ్రయముల గోడలమీదను కప్పులమీదను రంగుబొమ్మలున్నవి. ఇది భీముడు కూర్చున్న చోటని స్థానికులు చెప్పుకొనుటచే దీనికి భీంబేట్కా అను పేరు వచ్చెను. 1957లో విష్ణు శ్రీధర్ వాకణ్‌కర్ అను పురావస్తు పరిశోధకుడు రైలులో పోవుచు ఈ బండల తీరును చూచి, ఇట్టి చోట్లనే ప్రాచీన చిత్రములుండునని తలచి, దిగి వెదకెను. ఆ వెదకుట వ్యర్థము కాలేదు. 2003లో యునెస్కో ఈ స్థలమును ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చినది.

నేడు భీంబేట్కా పేరు తెలియని ఉన్నత పాఠశాల విద్యార్థి అరుదు. ఆ చిత్రముల వయస్సెంతయని అడిగినచో "30,000 సంవత్సరములు" అని వెంటనే సమాధానము వచ్చును. కొందరు లక్ష సంవత్సరములనియు చెప్పుదురు. కాని ఆ సంఖ్య ఎట్లు తెలిసినదని మరల అడిగినచో తరగతి నిశ్శబ్దమగును. విజ్ఞానశాస్త్రములో మొదటి సమాధానముకన్న ఈ రెండవ ప్రశ్నయే విలువైనది. భీంబేట్కా చిత్రములపై చెప్పబడినదానిలో సాక్ష్యమెంత, ఊహ యెంత అని విడదీసి చూచుట అవసరము.

మొదట చిత్రములనే చూడవలెను. ఏనుగులు, అడవిదున్నలు, దుప్పులు, పులులు, ఖడ్గమృగములు, పందులు కనిపించును. విల్లంబులు ధరించిన వేటగాండ్రు, చేయి చేయి పట్టుకొని ఆడు నర్తకులు, తేనెపట్టును కొట్టువారు ఉన్నారు. మనుష్యులను కొన్ని గీతలతోనే చిత్రించినారు. జంతువులను మాత్రము ఎంతో శ్రద్ధతో వేసినారు. కొన్ని జంతువుల కడుపులోని పిల్లను కూడ చూపినారు. కంటికి కనబడునదానినే కాక తమకు తెలిసినదానిని కూడ వారు వేసినారన్నమాట. వీనిని పసిపిల్లల గీతలని కొట్టివేయుట పొరపాటు. పరుగెత్తు దుప్పి మెడ ఎట్లు వంగునో, వేటగాని కాలు ఎంత దూరము సాగునో తెలిసిన చేయి అది. అడవిలో ఆహారము వెదకుకొనువానికి జంతువుల నడక తెలియకున్న ప్రాణము నిలువదు. ఆ తెలివియే ఈ గీతలలో కనిపించును.

ఇంత చక్కని చిత్రము కావున మిక్కిలి పురాతనమై యుండవలెననుకొనుట ఎట్లు తప్పో, ఇంత సాదా గీత కావున మరింత పురాతనమనుకొనుటయు అట్లే తప్పు. అందము వయస్సును చెప్పదు.

ఇచ్చట మూడు వయస్సులున్నవి. మొదటిది రాతి వయస్సు. అది కోట్ల సంవత్సరములలో లెక్కింపవలసినది. రెండవది మనుష్య నివాసము వయస్సు. 1970వ దశకములో వాకణ్‌కర్, పుణెలోని దక్కన్ కళాశాలకు చెందిన వి.ఎన్. మిశ్రా మొదలగువారు ఇచ్చట త్రవ్వకములు జరిపినారు. అడుగు పొరలలో పురాతన శిలాయుగపు పెద్ద రాతిగొడ్డండ్లు, పై పొరలలో మధ్యశిలాయుగపు చిన్న రాతిపరికరములు దొరికినవి. మానవుడు ఈ నీడను లక్ష సంవత్సరములకు పూర్వమే ఆశ్రయించెననుట ఆ పొరలవలన తేలినది. మూడవది చిత్రముల వయస్సు. ఈ మూడును వేరు వేరు. పాతకాలపు ఇంటి గోడమీద నిన్న వేసిన బొమ్మకు ఇంటి వయస్సును అంటగట్టరాదు గదా! లక్ష సంవత్సరముల మాట రెండవ వయస్సునుండి మూడవదానికి జారిపోయినది.

చిత్రముల వయస్సును నేరుగా కొలువరాదా? ఇక్కడనే రసాయనశాస్త్రము అడ్డు వచ్చును. ఈ బొమ్మలలో హెచ్చుభాగము ఎరుపు, తెలుపు. ఎరుపునకు మూలము జేగురు, అనగా ఇనుపధాతువు ప్రాణవాయువుతో కలిసిన ఖనిజము. రేడియో కార్బన్ పద్ధతి ఒకప్పుడు జీవించిన పదార్థములోని కార్బన్‌ను పరీక్షించును. ఆ కార్బన్‌లోని రేడియోధార్మిక భాగము 5,730 సంవత్సరములకు సగమగును. బొగ్గుతో గీసిన బొమ్మయైనచో ఈ పద్ధతి పనిచేయును. జేగురులో కార్బన్ లేదు. కావున గడియారమే లేని చోట వేళ అడిగినట్లగును.

సున్నపురాతి గుహలలో మరియొక మార్గము కలదు. నీరు కారి చిత్రముపై సన్నని సున్నపు పొర ఏర్పడినప్పుడు, అందులోని యురేనియము క్రమముగా థోరియముగా మారును. ఈ రెంటి నిష్పత్తినిబట్టి పొర వయస్సు తెలియును. చిత్రము అంతకంటె పాతదని చెప్పవచ్చును. ఇండొనీషియాలోని సులవేసి దీవిలో ఒక పంది చిత్రము కనీసము 51,200 సంవత్సరముల నాటిదని 2024లో ఈ విధముగనే ప్రకటించిరి. ఆ ప్రకటనలోని "కనీసము" అను మాటను విద్యార్థి గమనింపవలెను. ఇసుకరాతి చరియలలో అట్టి సున్నపు పొర సామాన్యముగా దొరకదు. సులవేసిలోని కొలతను చూపి వింధ్య చిత్రములకు వయస్సు కట్టుట సాధ్యము కాదు.

ఇక మిగిలినవి పరోక్ష సాక్ష్యములు. అందు మొదటిది పొరల క్రమము. భీంబేట్కాలో పాత బొమ్మను చెరపకయే దానిపై కొత్త బొమ్మ వేసినారు. ఒకే చోట అనేక పొరలున్నవి. పండుగ పండుగకు సున్నము కొట్టిన గోడను గీకి చూచినచో ఏ పూత ముందో, ఏ పూత వెనుకో తెలియును. రెండు పూతల నడుమ ఎన్ని యేండ్లు గడచినవో తెలియదు. చిత్రముల పొరలును అంతే. అవి క్రమమును చెప్పును గాని కాలమును చెప్పవు.

రెండవది చిత్రములోని వస్తువు. గుఱ్ఱములమీదను ఏనుగులమీదను లోహపు కత్తులు, డాళ్లు పట్టి సాగు యోధుల చిత్రములు చారిత్రక యుగమునకు చెందినవనుటలో సందేహము లేదు. మాళవ ప్రాంతపు తామ్రశిలాయుగపు కుండలమీది నగిషీలను పోలిన బొమ్మలను ఆ కాలమునకు చేర్చుటయు యుక్తమే. కాని విల్లంబులతో వేటాడు మనుష్యుడు ఈ కాలమువాడేయని ఖండితముగా చెప్పుట కష్టము. విల్లంబులు వేలయేండ్లు వాడుకలో నున్నవి.

మూడవది త్రవ్వకములలో దొరికిన రంగురాళ్లు. అసలు వివాదము ఇక్కడనే యున్నది. ఆకుపచ్చ రంగులో నున్న కొన్ని నర్తకుల బొమ్మలను వాకణ్‌కర్ పురాతన శిలాయుగము చివరి దశకు చేర్చెను. ఆ దశకు చెందిన పొరలలో ఆకుపచ్చ రంగురాయి దొరకుట ఆయన ఆధారములలో ఒకటి. పాఠ్యపుస్తకములలోని పెద్ద సంఖ్యలకు ఈ వర్గీకరణమే మూలము. యశోధర్ మఠ్‌పాల్ స్వయముగా చిత్రకారుడు. ఈ చిత్రములకు తన చేతితో ప్రతులు వ్రాసి 1984లో గ్రంథమును వెలువరించెను. ఆయన మాత్రము చిత్రకళ మధ్యశిలాయుగముతోనే ఆరంభమైనదనెను. యునెస్కో వివరణ కూడ చిత్రములు మధ్యశిలాయుగమునుండి చారిత్రక యుగమువరకు వేసినట్లు తోచుచున్నవనియే చెప్పుచున్నది.

వీరిలో ఎవరి మాట నిలుచును? రంగురాయి ఒక పొరలో దొరికినచో, ఆ కాలమువారికి ఆ రంగు తెలియుననుట నిశ్చయము. ఆ రాతితోనే ఎదుటి గోడమీది ఈ బొమ్మను వేసిరనుట నిశ్చయము కాదు. దానిని దేహమునకు పూసికొని యుండవచ్చును. తోళ్లకు అద్ది యుండవచ్చును. వాకణ్‌కర్ పరిశ్రమ లేకున్న ఈ చిత్రములు లోకమునకు ఇంత త్వరగా తెలిసెడివి కావు. అయినను గొప్పవాని ఊహ కూడ నిరూపణ దొరకువరకు ఊహయే. కావున ఈ చిత్రములలో అనేకము మధ్యశిలాయుగమునాటివి, కొన్ని అటు తరువాతివి, కొన్ని అంతకు ముందువి కావచ్చును గాని నిరూపింపబడలేదు అని చెప్పుటయే న్యాయము.

నిరూపణకు ముందు తొందరపడినచో ఏమగునో భీంబేట్కాయే ఒక పాఠము చెప్పినది. 2020లో ఇచ్చటి పెద్ద గుహ కప్పుమీద కొందరు భూగర్భ శాస్త్రజ్ఞులు ఆకు ఈనెలవలె గీతలున్న ఒక ముద్రను చూచిరి. అది సుమారు 55 కోట్ల సంవత్సరములనాటి డికిన్సోనియా అను ప్రాణి శిలాజమని 2021లో ప్రకటించిరి. దీనినిబట్టి వింధ్య శిలల వయస్సునే నిర్ణయింపవచ్చునని తలచిరి. పత్రికలు ఆ వార్తను ప్రపంచమంతట చాటినవి. తరువాత మరియొక బృందము అచ్చటికి పోయి పరీక్షింపగా, ఆ ముద్ర ఊడిపోవుచుండెను! కోట్ల సంవత్సరములు నిలిచిన శిలాజము రెండు మూడేండ్లలో ఊడిపోదు. అది పెద్ద తేనెటీగలు కట్టి విడిచిన పట్టు యొక్క శేషమని 2023లో తేల్చిరి. మొదట ప్రకటించినవారిలో ముఖ్యుడు తన పొరపాటును అంగీకరించెను. తేనె కొట్టువారి బొమ్మలున్న కొండలలో తేనెపట్టు శాస్త్రజ్ఞులను భ్రమింపజేసెను. పొరపాటు పడుట తప్పు కాదు. మరల పోయి చూచుటయే శాస్త్రము.

అయితే సందేహమే విజ్ఞానము కాదు. స్పెయిన్‌లో 1879లో వెలువడిన ఆల్టమీరా గుహాచిత్రములను నాటి పండితులు కూటసృష్టియని త్రోసిపుచ్చిరి. ఆదిమానవుడు అంత చక్కగా వేయలేడనునదే వారి వాదము. వారిలో ప్రముఖుడైన కార్టయ్యాక్ 1902లో తన తప్పును బహిరంగముగా ఒప్పుకొనెను. అంతకు ముందే, 1867-68లో, మన దేశములో కార్లైల్ అను పురావస్తుశాఖ ఉద్యోగి మీర్జాపూరు ప్రాంతపు శిలాశ్రయములలో బొమ్మలను చూచెను. అచ్చటనే చిన్న రాతిపరికరములు, అరగదీసిన జేగురు ముక్కలు కనబడగా, రెంటిని కలిపి ఆలోచించి అవి అతిప్రాచీనములని గ్రహించెను. ఆయన తన పరిశోధనను సరిగా ప్రకటింపకపోవుటచే ఆ యశము దక్కలేదు. ఆల్టమీరా పండితులు సాక్ష్యమును చూడక కాదనిరి. నేడు కొందరు సాక్ష్యమును చూడక ఔననుచున్నారు. రెండును ఒకే జబ్బు.

అర్థనిర్ణయములోను ఈ జాగ్రత్తయే కావలెను. భీంబేట్కాలో ఒకచోట కొమ్ములున్న బ్రహ్మాండమైన పంది, దానిముందు పారిపోవు చిన్న మనుష్యుడు ఉన్నారు. అట్టి మృగము ప్రకృతిలో లేదు. అది కథయో, కలయో, దైవమో చెప్పగలవారు గతించినారు. వేట ఫలించుటకు చేసిన మంత్రక్రియయని ప్రతి బొమ్మకు ఒకే అర్థము చెప్పుట సులభమే గాని, ఈ పందికి అది అతుకదు. తనను తరుము జంతువును ఎవరు కోరి రప్పించుకొందురు?

ఇట్టి పాఠము కొరకు తెలుగు విద్యార్థి మధ్యప్రదేశమునకే పోనక్కరలేదు. కర్నూలు జిల్లాలోని కేతవరము, కడప జిల్లాలోని చింతకుంట, తెలంగాణలోని పాండవుల గుట్ట రాతిచిత్రములున్న చోట్లే. అచ్చట భీముడు, ఇచ్చట పాండవులు! అంతుపట్టని ప్రాచీనతకు ప్రజలు తమకు తెలిసిన పెద్దల పేర్లు పెట్టిరి. తెలియనిదానికి పేరు పెట్టుట మనుష్య స్వభావము. తెలియనిదానికి సంఖ్య పెట్టుటయు అట్టిదే.

ఉపాధ్యాయుడు విద్యార్థులను అట్టి చోటికి తీసికొనిపోయినప్పుడు బొమ్మను తాకనీయరాదు. రంగు బాగుగా కనబడునని దానిపై నీరు చల్లనీయరాదు. చెరిగిన సాక్ష్యమును ఏ శాస్త్రమును మరల గీయలేదు. ఏ బొమ్మ పైన, ఏది క్రింద అని వారిచేతనే చెప్పించవలెను. "దీని వయస్సెంత?" అని ఒక పిల్లవాడు అడిగినచో సంఖ్య చెప్పుటకు ముందు "నీకు ఎట్లు తెలియును?" అని అడుగవలెను. అప్పుడు ఆ పిల్లవాడు గోడకు ఒక అడుగు దగ్గరగా జరిగి, మరల చూచును.